ముందే రాసిన సాయంత్రం

"సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను. ముప్పై అయిదు నిమిషాలు. అంతరాయం రెండుసార్లు."

పోయిన సంవత్సరం వానాకాలంలో నా డైరీ తిరగేస్తే ఇటువంటి వాక్యాలే పేజీ తర్వాత పేజీ కనిపిస్తాయి. కూర్చోవడం అంటే ధ్యానం. అంతరాయం అంటే మా ఆవిడ.

అప్పటికి ఆమె మంచాన పడి రెండు నెలలు. ఒకనాటి పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి, మూత అందుకోవడానికి కుడిచెయ్యి చాపబోతే చెయ్యి మాట వినలేదట. మూత కింద పడింది. ఆ చప్పుడు నేను విన్నాను. వెనక గదిలో గోడకు ఎదురుగా కూర్చుని ఉన్నాను. చప్పుడు వినిపిస్తే అది చప్పుడని గమనించి, దాని వెంట పోకుండా మళ్లీ శ్వాస దగ్గరికి రావాలని నేర్చుకున్నవాణ్ణి. అలాగే చేశాను. పాలు పొంగి మంట ఆరిపోయి, గ్యాస్ వాసన వెనక గది దాకా వచ్చిన తర్వాత లేచాను. ఆమె వంటింటి గడప దగ్గర గోడకు ఒరిగి కూలబడి ఉంది. మూతి ఒక పక్కకు జారింది. కళ్లు మాత్రం నన్నే చూస్తున్నాయి.

ఆ నాలుగైదు నిమిషాల వల్ల పెద్ద తేడా ఏమీ రాలేదని పటాన్‌చెరు ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. ఆ మాట డైరీలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. రెండు గీతలు గీయవలసి వచ్చిందంటే నాకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదని ఇప్పుడు చూస్తే అర్థమవుతోంది.

జహీరాబాద్‌లో టీచరుగా పనిచేసే మా అమ్మాయి నెల రోజులు సెలవు పెట్టి మా దగ్గరే ఉంది. ఆ నెలలో కాలు కొంత తిరిగి వచ్చింది. గోడ పట్టుకుని బాత్రూం దాకా పోగలిగింది. మాట పూర్తిగా తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మోచెయ్యి మడుచుకుని రొమ్ముకు ఆనుకుపోయింది. వేళ్లు అరచేతిలోకి ముడుచుకున్నాయి. అమ్మాయి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరం, ఆ చెయ్యి.

ప్రతి శనివారం స్కూటీ మీద ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. మొదటి రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"అంకుల్, నేను వారానికొక్కసారి వస్త. అసలు డాక్టర్ మీరే. రోజుకు మూడుసార్లు, పొద్దుగాల, పగటీలి, సాయంత్రం. వేడినీళ్లల్ల చెయ్యి వెట్టి ఒక్కొక్క వేలు మెల్లగ తెరవాలె. పది లెక్కవెట్టేదాంక పట్టుకొని ఇడువాలె. ఆర్నెల్లు గట్టిగ చేస్తే వచ్చేదేదో వస్తది. ఇప్పుడు అలసత్వం చేస్తే వేళ్లు గట్లనే బిగుసుకపోతయి. అటెన్క నేనొచ్చి గుడ ఏం చేయలేను."

మా ఆవిడ మంచం మీంచి అడిగింది. "నా చేత్తోని నేను అన్నం కలుపుకొని తింటనా, బిడ్డా?"

"అందుకే కదా ఆంటీ ఇదంత."

"కాలు ఎట్లున్న సరే. ఈయన చెంచతోని పెడుతుంటే అన్నం తిన్నట్టు లేదు, మందు తాగినట్టున్నది. ఉప్పు తెలుస్తలేదు, కారం తెలుస్తలేదు. చేత్తోని కలిపితెనే నాకు రుచి."

ఆమె అడిగింది అదొక్కటే. దానికి ఆరు నెలల గడువు. పని నా చేతుల్లో ఉంది.

పని అప్పజెబితే నేను ముందుగా గీతలు గీస్తాను. జిన్నారం దగ్గర మా ఊరి పొలాలు మందుల ఫ్యాక్టరీ కిందికి పోయినప్పుడు భూమి ఇచ్చిన ఇంటికొకరికి ఉద్యోగం ఇచ్చారు. అట్లా చేరిన నేను ముప్పై మూడేళ్లు బాయిలర్లు, నీళ్ల పంపులు, కూలింగ్ టవర్లు చూసే సెక్షన్‌లో పనిచేసి, షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాను. ఆ సెక్షన్‌లో గంటగంటకు మీటర్లు చూసి లాగ్ షీట్‌లో అంకెలు నింపడమే సగం ఉద్యోగం. డైరీ అలవాటు కూడా అక్కడే అంటుకుంది. కొత్త సంవత్సరానికి వాల్వులు సరఫరా చేసేవాళ్లు తెచ్చిచ్చే డైరీలు మిగతావాళ్లు ఇంట్లో పాలలెక్కకు వాడేవాళ్లు. నేను ఒక్కరోజు విడవకుండా రాశాను.

కాబట్టి ఒక పొడుగు నోటు పుస్తకం తెచ్చి స్కేలు పెట్టి గడులు గీశాను. తేదీ, వేళ, భుజం, మోచెయ్యి, వేళ్లు, కాలు, కూర్చుని లేవడం. ఒక్కో రోజుకు మూడు వరసలు. పేజీ చివర మిగిలిన సన్నని గడిలో నా ధ్యానం.

ధ్యానం గురించి కొంత చెప్పాలి. రిటైరైన ఏడాది పటాన్‌చెరు బస్టాండు దగ్గర పాత పుస్తకాల కుప్పలో జెన్ సాధన మీద పలచని తెలుగు పుస్తకం దొరికింది. అందులో దేవుడు లేడు, వెలుగు కనిపించడం లేదు, శక్తులు రావడం లేదు. గోడకు ఎదురుగా వెన్ను నిలిపి కూర్చోవాలి. కళ్లు సగం వాల్చాలి. ఒడిలో ఒక చేతిమీద ఒక చెయ్యి పెట్టి బొటనవేళ్లు రెండూ ఒకదానికొకటి తాకీ తాకనట్టు ఉంచాలి. శ్వాసలు ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. మధ్యలో మనసు జారితే మళ్లీ ఒకటి. అంతే. ఇందులో సంపాదించేది ఏమీ లేదని ఆ పుస్తకం మళ్లీ మళ్లీ చెప్పింది. నాకు అది నచ్చింది. నచ్చి, ఏరోజు ఎన్నిసార్లు పదిదాకా చేరానో డైరీలో రాసుకోవడం మొదలుపెట్టాను.

నాలుగేళ్లు అట్లా గడిచాయి. నెలకోసారి కొండాపూర్ బస్సెక్కి, ఎప్పుడో బౌద్ధులు ఉండి వెళ్లిపోయిన దిబ్బ మీద ఇటుక పునాదుల పక్కన గంటసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. దుఃఖానికి మూలం మన తపనే అని, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వకపోవడమే మన బాధ అని, పొద్దున నడకలో కలిసే స్నేహితులకు చెబుతుండేవాణ్ణి. వాళ్లు మర్యాదగా వినేవాళ్లు.

మా ఆవిడ మంచాన పడ్డాక నడక ఆగింది, కొండాపూర్ ఆగింది. పాలప్యాకెట్టుకు, మందులకు తప్ప గేటు దాటింది లేదు. పోతిరెడ్డిపల్లిలో మా ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ జొన్నచేలు ఉండేవి. ఇప్పుడు పక్క ప్లాటులో నాలుగంతస్తులు లేస్తున్నాయి. మా పడకగది కిటికీ తీస్తే మూడడుగుల దూరంలో ఇటుక గోడ, దాని మీద కారి ఎండిన సిమెంటు. పగలు కూడా లైటు వేసుకోవాలి. సాయంత్రం గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగితే కుళ్లిన పండులాంటి, మందు గోలీలాంటి వాసన వస్తుంది. ఆ కిటికీ కూడా మూయాలి. మూసిన గదిలో ఫ్యాను, ఆమె, నేను, వేడినీళ్ల గిన్నె.

అట్లాంటప్పుడు నాకు మిగిలిన బయలు వెనక గదిలో గోడ. పొద్దున అయిదింటికి, సాయంత్రం ఆరింటికి అక్కడికి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకునేవాణ్ణి. కూర్చోవడం అంటున్నాను గానీ, అది పారిపోవడం. కూర్చుని శ్వాస లెక్కపెట్టేవాణ్ణి కాదు. ఆమె ఎప్పుడు పిలుస్తుందోనని చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి.

"ఇగో! వినవడుతుందా?"

నేను పలికేవాణ్ణి కాదు. నాలుగు. అయిదు.

"నీళ్లు కావాలె. ఆ గోడేం పడిపోదు గని, ఒకసారి రా."

వెళ్లి నీళ్లు ఇచ్చేవాణ్ణి. నా మొహం చూసి ఆమె ఊరుకునే మనిషి కాదు.

"ఏం కనవడ్తది ఆ గోడల?"

"ఏం కనవడది. కనవడాల్నని కూసోరు."

"గట్లనా? మరి నేను పొద్దుందాంక స్లాబు దిక్కు సూస్తున్న. నాకూ ఏం కనవడ్తలేదు. ఎవలిది పెద్ద ధ్యానం?"

ఆ మాటకు అప్పుడు నాకు నవ్వు రాలేదు. తిరిగి వెళ్లి, గడియారం చూసి, డైరీలో "అంతరాయం ఒకటి" అని రాశాను.

మొదటి నెల వ్యాయామాలు నిజంగానే మూడుపూటలా చేయించాను. వేడినీళ్లలో చెయ్యి నానబెట్టి, చిటికెనవేలు నుంచి మొదలుపెట్టి ఒక్కోవేలు విప్పి, పదిదాకా లెక్కపెట్టేవాణ్ణి. అవి వెంటనే ముడుచుకునేవి. మళ్లీ విప్పాలి. ఒక పూటకు నలభై నిమిషాలు. పొద్దున విప్పిన వేళ్లు పగటికి ముడుచుకుని ఉండేవి. పగటికి విప్పినవి సాయంత్రానికి. ఎంత చేసినా మొదటికే వచ్చే పని నేను ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యలేదు. బాయిలర్‌కు నీళ్లు పెడితే మట్టం పెరిగేది.

సాయంత్రం వ్యాయామం, సాయంత్రం ధ్యానం ఒకే వేళకు పడ్డాయి. ఒకరోజు అడిగాను.

"ఎడమచేత్తోని నువ్వే ఇప్పుకుంటవా ఏంది, ఈ పూటకు?"

ఆమె గోడ గడియారం చూసింది. "ఇప్పుకుంట. పో."

వెళ్లాను. తిరిగి వచ్చి "చేసింది" అని రాశాను. చేసిందో లేదో అడగలేదు. అది ఒక పూట. తర్వాత వారానికి రెండుపూటలు. తర్వాత ఆ ప్రశ్న అడగడం కూడా మానేశాను. ఆరవుతుండగానే ఆమే "పో, నీ టైమైంది" అనేది. ఇంకొన్నాళ్లకు పగటి వరస నింపేటప్పుడు పెన్ను చేతిలోనే ఉంది కదా అని సాయంత్రం వరస కూడా నింపేయడం అలవాటైంది. ఫ్యాక్టరీలో దీన్ని అడ్వాన్స్ రాయడం అనేవాళ్లం. మీటరు ఎట్లాగూ కదలదని తెలిసినప్పుడు రాబోయే రెండు మూడు గంటల అంకెలు ముందే రాసేసి కాళ్లు చాపుకోవడం. ఇన్‌స్పెక్షన్‌లో దొరికితే మెమో ఇస్తారు. దొరకకపోతే అది మామూలు విషయం.

ఇంట్లో నేను ఆ పని చేస్తున్నానని నాకు తట్టనే లేదు. చెయ్యి దానంతటది రాసుకుపోయింది.

మూడో నెలలో ఒక శనివారం పగలు ఫిజియో అమ్మాయి వచ్చి మా ఆవిడ వేళ్లు విప్పబోతే ఆమె "అబ్బా" అని అరిచింది. అమ్మాయి ఇంకోసారి ప్రయత్నించింది. నా వైపు తిరిగింది.

"అంకుల్, పోయిన నెలకంటె బిగుసుకున్నయి. రోజు చేపిస్తున్నరా?"

నేను నోటు పుస్తకం ఇచ్చాను. ఆమె పేజీలు తిప్పింది.

"అబ్బ, ఎంత నీట్‌గ రాసిర్రు అంకుల్! నా పేషెంట్లల్ల ఎవ్వరు గిట్ల రాయరు. ఇంత చేస్తుంటే మరి ఎందుకు..." ఆమె వేలు ఒక చోట ఆగింది. గోడ గడియారం చూసింది. పన్నెండున్నర. మళ్లీ పుస్తకం చూసింది. "ఇయ్యాల్టి సాయంత్రానిది గుడ రాసిర్రు."

"ఆరుగంటలకు, వేళ్లు, ఇరవైసార్లు, బాగుంది," అని ఆ పిల్ల చదివింది. ఎగతాళికి చదవలేదు. నిజంగానే అర్థం కాక చదివింది. దాని కింద సన్నని గడిలో ధ్యానం ముప్పై అయిదు నిమిషాలని కూడా ఉంది. అది చూసిందో లేదో నాకు తెలియదు.

మా ఆవిడ మంచం మీంచి అంది: "మా ఆయన పుస్తకంల నా చెయ్యి ఎప్పుడో బాగైంది, బిడ్డా. నా ఒంటి మీదనే కాలేదు."

అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక చెప్పులు వేసుకుంది. పోతూ పోతూ గేటు దగ్గర నాతో మాత్రం అంది. "ఇంక మూడు నెలలున్నయి అంకుల్. అయినకాడికైనా చేద్దాం. కాని ఇగ ఒక్కపూట పోవద్దు."

గేటు వేసి వచ్చి వెనక గదిలో కూర్చున్నాను. గోడను చూడలేకపోయాను. ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన ఒక మనిషే కనిపిస్తున్నాడు.

అతను విదర్భ నుంచి వచ్చిన బాయిలర్ ఆపరేటర్. చిట్కుల్‌లో గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. తండ్రి కాలం నుంచి వాళ్లింట్లో బుద్ధుడి ఫోటోకే దండం. షిఫ్ట్ మొదలయ్యే ముందు పంపు పక్కన చెక్క మీద పది నిమిషాలు కదలకుండా ఉండేవాడు. ఇంత మోతలో ఏం చేస్తున్నావని అడిగితే "కుచ్ నహీ సాబ్, బైఠా హూఁ" అనేవాడు. ఏం లేదు, కూర్చున్నానంతే అని.

ఒకరోజు నేను మేనల్లుడి పెళ్లికి తొందరగా బయటపడాలి. నాలుగింటికే ఆరుగంటల దాకా అంకెలు నింపేసి, ఆపరేటర్ గడిలో సంతకం పెట్టమని షీటు అతని ముందు పెట్టాను. అతను షీటు చూశాడు. బాయిలర్ మీద నీటిమట్టం చూపించే గాజుగొట్టం చూశాడు. "ఛే బజే కా పానీ అభీ ఆయా నహీ, సాబ్," అన్నాడు. ఆరింటి నీళ్లు ఇంకా రాలేదు సార్ అని. గట్టిగా కూడా అనలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ గడిలో కూడా నేనే సంతకం గీకి పెళ్లికి పోయాను. మరుసటి వారం అతన్ని నా షిఫ్ట్ నుంచి మార్పించాను. తర్వాత ఎదురైనప్పుడల్లా అతను నమస్తే పెట్టేవాడు. కొన్నాళ్లకు వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. రిటైరయ్యాక ధ్యానం పుస్తకం కనిపిస్తే చేతిలోకి తీసుకున్నది బహుశా అతని మొహం గుర్తుండే కావచ్చు. అతనికి నేను చెప్పవలసిన మాట మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఆ పెళ్లినాటి డైరీ వెతికి చూశాను. "పెళ్లి బాగా జరిగింది. భోజనాలు బాగున్నాయి" అని ఉంది.

సాయంత్రం ఆరుకు వేడినీళ్ల గిన్నె తీసుకుని ఆమె మంచం పక్కకు వెళ్లాను.

"టైమైంది, పోకపోయినవ్," అంది.

"పోను."

"కోపంతోని చేయకు. నొస్తది."

"కోపం లేదు. నువ్వే ఇప్పుకుంటవని పోయిన. ఎందుకు ఇప్పుకోలే? ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్తే ఏమైతుండె? వస్తుంటివి. వచ్చి చెయ్యి పట్టుకుంటుంటివి. బస్సు కోసం నిలవడ్డట్టు నిలవడుతుంటివి." ఆమె ఎడమచేత్తో కుడిచెయ్యిని తనే ఎత్తి గిన్నెలో పెట్టింది. "నీ మొహం సూడలేక పొమ్మన్న. నాకు చెయ్యి కావాలె. కాని గట్ల పట్టుకునుడు వద్దు."

ఆమె చెప్పింది నిజం. చిటికెనవేలు విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరు దగ్గర నా మనసు డాక్టరు మాటకు గీసిన గీతల మీదికి పోయింది. లెక్క తప్పింది. మళ్లీ ఒకటి.

మా లాగ్ షీట్లలో రెండు గడులు ఉండేవి. చేసినవారు, సరిచూసినవారు. మరుసటి రోజు నోటు పుస్తకంలో ధ్యానం గడి కొట్టేసి దాని మీద "సరిచూసినవారు" అని రాశాను. పూట అయ్యాక ఆమె ఎడమచేత్తో అందులో టిక్కు పెట్టాలి. ఆమెకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. నేను అనుకున్నదానికంటే ఎక్కువ నచ్చింది.

"ఇయ్యాల టిక్కు లేదు."

"ఎందుకు? ఇరవైసార్లు చేసిన."

"చేసినవ్. నీ పానం ఈడ లేదు. ఎనిమిది అన్నంక పది అన్నవ్."

"తొమ్మిది మనసుల అనుకున్న."

"నేను గుడ మనసుల టిక్కు పెట్టుకుంట, పో."

మళ్లీ చెయ్యి గిన్నెలో పెట్టించేది. కొన్ని పూటలు రెండుసార్లు, ఒక పూట మూడుసార్లు చేయించింది. నీళ్లు చల్లారిపోతే మళ్లీ కాచి తేవాలి. ఇదంతా చదివి నాకు ఏదో మారిందనీ, ప్రశాంతత వచ్చిందనీ ఎవరైనా అనుకుంటే అది తప్పు. ఆ నెలల్లో నేను పడినంత చిరాకు ఉద్యోగంలో కూడా పడలేదు. ఇంతకుముందు రోజుకు రెండుసార్లు తలుపు వేసుకునే గది ఉండేది. ఇప్పుడు అది కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వమని స్నేహితులకు చెప్పినవాణ్ణి, తడి తువ్వాలు మంచం మీద ఉండనిస్తే పళ్లు కొరుక్కునేవాణ్ణి.

దీపావళి దాటాక ఒక సాయంత్రం అయిదూముప్పావుకు గిన్నె పొయ్యి మీద పెట్టి, చెప్పులు వేసుకుని, గేటు బయట గొళ్లెం పెట్టి నడిచాను. ఎక్కడికని అనుకోలేదు. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఆగాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. జహీరాబాద్, నారాయణఖేడ్, పటాన్‌చెరు. షిఫ్ట్ దిగిన పనివాళ్లు, హిందీలో, ఒడియాలో మాట్లాడుకుంటూ, టిఫిన్ డబ్బాలతో ఆటోల్లో కిక్కిరిసి పోతున్నారు. ఒక కండక్టరు నన్ను చూసి "ఎక్కుతవా పెద్దాయనా?" అన్నాడు. నేను ఒక కాలు ముందుకు వేశాననుకుంటాను, లేకపోతే అతను అడగడు. అప్పుడు పొయ్యి మీద గిన్నె గుర్తొచ్చింది. ఆమె గుర్తొచ్చి వెనక్కి వచ్చానని రాయాలని ఉంది. కాదు. ముందు గిన్నే గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి పొయ్యి ఆపి ఉంది. ఆమె గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచి, ఎడమచేత్తో ఆపి, అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏ బస్సొచ్చింది?" అంది.

"నారాయణఖేడ్‌ది."

"ఎక్కకపోయినవ్."

"సీటు లేకుండె."

ఆమె ముక్కుతో నవ్వింది. ఏడయ్యింది. నీళ్లు మళ్లీ కాచాను. ఆ పూట టిక్కు ఇవ్వలేదు, నేను అడగలేదు.

మాఘంలో ఆరు నెలల గడువు ముగిసింది. ఫిజియో అమ్మాయి చెయ్యంతా చూసి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వచ్చాయంది. ఉంగరం వేలు, చిటికెనవేలు ఇక ఇట్లాగే ఉంటాయంది. భుజం కూడా పూర్తిగా లేవదు. ఆ సాయంత్రాలు పోగొట్టుకోకుండా ఉంటే ఆ రెండు వేళ్లు వచ్చేవా అని నేను అడిగాను.

"ఎవరికి తెల్సు అంకుల్," అంది. ఆసుపత్రి డాక్టరులాగా తేడా ఏమీ రాలేదని సర్దిచెప్పలేదు. అందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం. డైరీలో ఆ మాట రాశాను. కింద గీత గీయలేదు.

ఆ రోజు పగలు మా ఆవిడ చెంచా దూరంగా నెట్టేసింది. కంచంలో అన్నం, ముద్దపప్పు, మామిడికాయ తొక్కు వేశాను. మూడు వేళ్లతో కలిపింది. పప్పు వేళ్ల మధ్య నుంచి జారింది, మళ్లీ కలిపింది. ముద్ద తయారయింది గానీ చెయ్యి నోటిదాకా లేవలేదు. భుజం రాదు కదా. రెండుసార్లు సగంలోనే ముద్ద చీర మీద రాలిపోయింది. ఆమె ఎడమచేత్తో మెతుకులు ఏరుకుంది. నా వైపు చూడలేదు. నేను కుర్చీ పక్కకు జరిపి ఆమె మోచెయ్యి కింద నా అరచెయ్యి పెట్టాను. ఆమె చెయ్యి లేస్తుంటే లేపాలి, దిగుతుంటే దింపాలి. ముందు లేపితే ముద్ద చెదురుతుంది. ఆలస్యమైతే జారుతుంది. మూడోసారికి ముద్ద నోట్లోకి పోయింది.

మెల్లగా నమిలి మింగింది.

"తొక్కుల ఉప్పు ఎక్కువైంది," అంది. "ఇన్ని రోజులు గిట్లనే పెట్టినవా నాకు?"

"గిదే తొక్కు."

"మరి చెప్పకపోతివి."

అప్పటినుంచి పగటిపూట భోజనం అట్లాగే జరుగుతోంది. ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంట నేను లేవడానికి లేదు. ఫోన్ మోగితే మోగాలి, గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే పిలవాలి. నా కంచంలో అన్నం ఎదురుగానే చల్లారిపోతుంటుంది. కిటికీ అవతల నాలుగో అంతస్తుకు ప్లాస్టరింగ్ చేస్తున్నారు, తాపీల గీకుడు వినిపిస్తుంటుంది. నా భుజం ముందు బరువెక్కుతుంది, తర్వాత తిమ్మిరెక్కుతుంది, ఆ తర్వాత మండుతుంది. ఎన్నో ముద్దో లెక్కపెట్టడం మొదట్లో చేశాను. లెక్క మీద ధ్యాస పెడితే మోచెయ్యి తప్పుతోంది. మానేశాను.

నిన్న పప్పన్నం అయిపోయింది. చెయ్యి దించబోయాను.

"ఆగు," అంది. "ఇంత పెరుగేసుకుంట."

ఇంకో పావుగంట. నా ఎడమచేత్తో పెరుగు గిన్నె ఆమె ముందుకు జరిపి, కుడి అరచెయ్యి ఆమె మోచెయ్యి కింద కొంచెం సర్దుకున్నాను.